400 హార్స్‌పవర్ బండిని రోజూ నడపగలమా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది టర్బో, ఆ ఒత్తిడే బూస్ట్), ముందు చక్రాలకు పవర్, మాన్యువల్ గేర్‌బాక్స్. కంపెనీ ఇచ్చింది 200 హార్స్‌పవర్‌కి కాస్త పైన. దాన్ని 400 దాటించాలి. అదే బండిలో రోజూ ఆఫీసుకి వెళ్లాలి, పిల్లల్ని బడి దగ్గర దింపాలి, మీ ఆవిడ కూడా భయపడకుండా నడపగలగాలి. పెద్ద టర్బో కిట్ ఒకటి చూసిపెట్టుకున్నారు. సిరామిక్ క్లచ్, తేలికపాటి ఫ్లైవీల్ (ఇంజిన్ తిరుగుడుని నిలకడగా ఉంచే బరువైన చక్రం) కూడా ఇప్పుడే కొనేయాలా అని చివర్లో అడిగారు.

ఇంత చిన్న ఇంజిన్ నుంచి 400 తీయడం ఇవాళ పెద్ద విద్యేమీ కాదు. 2019లో మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్ సరిగ్గా 2 లీటర్ల ఇంజిన్‌తో 421 హార్స్‌పవర్ ఇచ్చి షోరూమ్‌లో నిలబడింది. కాకపోతే అక్కడ ఇంజిన్ బ్లాక్ నుంచి కూలింగ్ దాకా ప్రతిదీ ఆ పవర్ కోసమే తయారుచేశారు. మీరు 200 కోసం చేసిన బండిలో దాన్ని ఇరికించబోతున్నారు. కిట్ అమ్మేవాళ్లు మొదట చెప్పేది గరిష్ఠ అంకె. నేనైతే వాళ్లని ముందు అడిగేది 3000 ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరిగేటప్పుడు, ఎంత వస్తుందని. గరిష్ఠం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటే లెక్క చాలా సులువు. టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంతో గుణించి, 7024తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. నా సొంత బండికే రెండు టర్బోలతో తీయించిన డైనో షీట్లు (బండి పవర్‌ని యంత్రం మీద కొలిచిన కాగితాలు) ఇప్పటికీ నా దగ్గరున్నాయి. పెద్ద టర్బోతో 7000 ఆర్‌పీఎంలో 430 హార్స్‌పవర్ వచ్చింది. చిన్న టర్బోతో 6200 దగ్గర 340. అంటే 90 తక్కువ. ఇప్పుడు అవే షీట్లలో 3000 దగ్గర చూడండి. పెద్దదానికి 190 న్యూటన్ మీటర్లు, అంటే 81 హార్స్‌పవర్. చిన్నదానికి 380, అంటే 162. సరిగ్గా రెట్టింపు. పైగా 190 అంటే నేను మార్చక ముందు కంపెనీ టర్బోతో అక్కడ వచ్చినదానికన్నా తక్కువ. చేతి నిండా డబ్బు పోసి, మామూలుగా నడిపే చోట బండిని నీరసం చేసుకున్నానన్నమాట.

ఆ పెద్ద టర్బోతో నాకు జ్ఞానోదయం అయిన రోజు చెప్తాను. రెండు లేన్ల రోడ్డు, ముందు లోడు లారీ. ఎదురుగా ఖాళీ. మూడో గేరు, 2800 ఆర్‌పీఎం, పెడల్ చివరిదాకా తొక్కాను. ఏమీ జరగలేదు. ఇంజిన్ మూలుగుతోంది, లారీ వెనక చక్రం నా కిటికీ పక్కనే ఉండిపోయింది. ఇక లాభం లేదని కాలు తీయబోతుండగా ఆర్‌పీఎం ముల్లు 4500 దాటింది. ఒక్కసారిగా మొత్తం బూస్ట్ వచ్చిపడింది. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు కుడివైపుకి గుంజింది. ఓవర్‌టేక్ అయితే అయింది గానీ, తర్వాత చాలాసేపు అరచేతుల్లో చెమట ఆరలేదు. పక్క సీట్లో కూర్చున్న మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

పెద్ద టర్బోలన్నీ దండగ అనడం లేదు. డ్రాగ్ స్ట్రిప్‌లో ఆ బండే గెలుస్తుంది. రెండో గేరు నిష్పత్తి 2.1, మూడోది 1.4 అనుకోండి. 7000 దగ్గర గేరు మారిస్తే ముల్లు 4670 దగ్గర పడుతుంది. అంటే గేరు మార్చాక కూడా ఇంజిన్ 4500 కిందకి దిగదు, బూస్ట్ చేతిలోనే ఉంటుంది. ఆఫీసు దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా 7000కి తొక్కి గేరు మార్చేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1973లో బీఎండబ్ల్యూ తన 2002 టర్బోని తెచ్చింది. 2 లీటర్లు, 170 హార్స్‌పవర్. నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) రాకుండా కంప్రెషన్ నిష్పత్తిని 6.9కి దించేశారు. దాంతో బూస్ట్ లేనప్పుడు ఇంజిన్‌లో జీవం ఉండదు, వచ్చినప్పుడు మాత్రం తన్నినట్టు వస్తుంది. ఆ బండి పేరెత్తితే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది టర్బో ల్యాగే, అంటే తొక్కాక బూస్ట్ రావడానికి పట్టే ఆలస్యమే. నాలుగేళ్ల తర్వాత, 1977లో, సాబ్ తన 99 టర్బోని చూపించింది. అదీ 2 లీటర్లే, పవర్ మాత్రం 145. సాబ్ వాళ్లు చిన్న టర్బో పెట్టి, బూస్ట్ మితిమీరకుండా వేస్ట్‌గేట్‌తో (ఎక్కువైన వాయువుని పక్కకి వదిలే తలుపు) అదుపు చేశారు. పై అంకెని వదులుకుని మధ్య ఆర్‌పీఎంలో లాగుడు తెచ్చుకున్నారు. ఇవాళ మనం రోజూ నడిపే టర్బో పెట్రోల్ కార్లన్నీ ఆ రెండో దారిలో వచ్చినవే.

ఇక్కడ థ్రెషోల్డ్, ల్యాగ్ అనే రెండు మాటల్ని కలిపేయకండి, కిట్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. నాలుగో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర ఎంతసేపు తొక్కి పట్టుకున్నా బూస్ట్ రాదంటే అది ల్యాగ్ కాదు, టర్బోని తిప్పేంత వాయువు అక్కడ లేదని అర్థం. దాన్ని బూస్ట్ థ్రెషోల్డ్ అంటారు. దానికి మందు చిన్న టర్బైన్ హౌసింగ్ (టర్బైన్ చక్రం చుట్టూ ఉండే గుల్ల), లేదా గేరు దించడం. అదే 4000 దగ్గర తొక్కాక అర సెకనో సెకనో ఆగి బూస్ట్ వస్తే అది ల్యాగ్. దానికి బాల్ బేరింగ్ టర్బో, తేలికైన టర్బైన్ చక్రం, తక్కువ పొడవు పైపులు పనిచేస్తాయి. బాల్ బేరింగ్ పెట్టాం కదా, 3000కే లాగేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. థ్రెషోల్డ్‌ని అది కొంచెమే కిందకి తెస్తుంది. నిజంగా తేడా తెచ్చేది ట్విన్ స్క్రోల్. నాలుగు సిలిండర్ల వాయువుని రెండు జంటలుగా విడదీసి టర్బైన్‌కి పంపుతుంది కాబట్టి ఒకదాని తోపుడు ఇంకోదానికి అడ్డు రాదు. దానికి తగ్గ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి టర్బోకి వాయువు తెచ్చే గొట్టాలు) కూడా ఉండాలి, మామూలు మ్యానిఫోల్డ్‌కి ట్విన్ స్క్రోల్ హౌసింగ్ బిగిస్తే లాభం ఏమీ మిగలదు.

అలాగని మరీ చిన్న టర్బో పెట్టి 1800కే మొత్తం టార్క్ గుమ్మరించేయడం కూడా తెలివైన పని కాదు. ఇది చాలామంది పట్టించుకోరు. కనెక్టింగ్ రాడ్లు వంగేది ఎక్కువగా ఇక్కడే, తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ ఒత్తిడి భారీగా ఉన్నప్పుడు. గేర్‌బాక్స్ పళ్లు చూసేదీ టార్క్‌నే, హార్స్‌పవర్‌ని కాదు. మీది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేది) అయితే ఇంకో భయం ఉంది. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ బూస్ట్ కలిసినప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుంటుంది. దాన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఒక్కసారి గట్టిగా వచ్చినా పిస్టన్ చిట్లిపోవచ్చు. 2018లో ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అని ఆయిల్ ప్రమాణాలే మార్చారంటే సమస్య ఎంత నిజమో చూడండి. కాబట్టి ఆయిల్ డబ్బా మీద ఎస్‌పీ అనో అంతకన్నా కొత్త ప్రమాణమో ఉందో లేదో చూసుకోండి, ట్యూనర్‌తో (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చేవాడు) 2500 లోపు బూస్ట్‌ని కావాలనే తగ్గించమని చెప్పండి. ఆ ఏ45 ఎస్‌లో కూడా గరిష్ఠ టార్క్‌ని 5000 ఆర్‌పీఎం దగ్గర పెట్టారు, కిందినుంచి మెల్లగా పెరుగుతూ అక్కడికి చేరేలా.

మీ బండికి నా సలహా ఇది. కంపెనీ టర్బోకన్నా ఒక్క మెట్టు పెద్దది, 3000 లోపే బూస్ట్ మొదలయ్యేది, 330 నుంచి 350 హార్స్‌పవర్. 400 ముచ్చట వదిలేయండి. ముందు చక్రాల మీద ఆ చివరి 60 ఎలాగూ మొదటి రెండు గేర్లలో పొగగానే పోతాయి. నా మాట మీద అనుమానం ఉంటే పెద్ద ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌ని చదివే ప్లగ్గు) లెక్కలు రాసుకునే చిన్న లాగర్ తగిలించి వారం రోజులు మామూలుగా నడపండి. ఆర్‌పీఎం, పెడల్ ఎంత తొక్కారు అన్న రెండు గీతలు చాలు. నేను చేసినప్పుడు నా బండి దాదాపు ఎప్పుడూ 1800కీ 3500కీ మధ్యే తిరుగుతోందని తేలింది. పెడల్ మూడో వంతు దాటి తొక్కిన సందర్భాలు రోజుకి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. మీదీ అంతే అయితే, ఏ టర్బో కొనాలో ఆ గీతలే చెప్తాయి.

ఇక అసలు రోజువారీ సుఖం ఎక్కడ పోతుందో చెప్పనా? ట్యూన్‌లో. డైనో మీద తీసేది పెడల్ పూర్తిగా తొక్కిన గీత. మనం నడిపేది కాలు కొంచెమే ఆనించి. ఈ కాలపు ఈసీయూలు (ఇంజిన్ కంప్యూటర్లు) పెడల్‌ని నేరుగా థ్రాటిల్‌కి (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) కలపవు. ఇంత తొక్కాడంటే ఇంత టార్క్ అడుగుతున్నాడు అని లెక్కగట్టి, దానికి ఎంత గాలి కావాలో చూసుకుని థ్రాటిల్ తెరుస్తాయి. టర్బో, ఇంటేక్ మార్చి ఆ లెక్కని పాతదే ఉంచేస్తే, ఈసీయూ ఒకటి అనుకుంటుంది, ఇంజిన్ ఇంకోటి ఇస్తుంది. ఫలితం ఏంటంటే, నత్తనడక ట్రాఫిక్‌లో రెండో గేరులో కాలు ఇలా ఆనిస్తే బండి ఎగురుతుంది, తీస్తే ముక్కు నేలకి కొడుతుంది. తలలు కోళ్లలా ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ఇలాంటి బండిని డైనో షీట్ ఎంత అందంగా ఉన్నా నేను తీసుకోను.

దీనికి తోడు కొందరు పెడల్ మ్యాప్‌ని కావాలనే పదునుగా పెడతారు. 20 శాతం తొక్కితే 60 శాతం తెరుచుకుంటుంది. మొదటి రోజు అబ్బో ఏం పికప్ అనిపిస్తుంది. నిజానికి ఉన్న పవర్‌నే పెడల్ మొదట్లోనే ఖర్చు పెట్టేశారు, ఆపైన తొక్కితే మిగిలిందేమీ లేదు. మీ ట్యూనర్‌ని దీనికి తిరగేసి చేయమనండి. మొదటి మూడో వంతు మెత్తగా, దాదాపు కంపెనీ బండిలాగే ఉండాలి. మొదటి రెండు గేర్లలో బూస్ట్ తక్కువ, మూడు నుంచి పూర్తి బూస్ట్ అని గేరు వారీగా పెట్టే వీలు చాలా ఈసీయూల్లో ఉంది. ముందు చక్రాల బండికి అదొక్కటే సగం రోగం నయం చేస్తుంది.

ట్యూన్ అయిపోయింది, తీసుకెళ్లండి అన్నప్పుడు వెంటనే తాళాలు అందుకోకండి. బండిని రాత్రంతా అక్కడే ఉంచి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌ని మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. ఒక్క తిప్పుకి అందుకోవాలి. ఐడ్లింగ్‌లో ఉండగా ఏసీ వేయండి. కంప్రెసర్ అందుకున్నప్పుడు ముల్లు కాస్త కదిలి సర్దుకోవాలి. 600కి పడిపోయి బండంతా వణికితే పని మిగిలే ఉంది. ఎత్తు మీద రివర్స్ చేసి చూడండి. 80 కిలోమీటర్ల వేగంలో పెడల్ ఒకేచోట పట్టుకుని అయిదు నిమిషాలు నడపండి, ఎక్కడా తడబడకూడదు. ఇంజెక్టర్లు మరీ పెద్దవి వేస్తే తంటా మొదలయ్యేది ఈ ఐడ్లింగ్ దగ్గరే. ఇంజెక్టర్ తెరుచుకునేది మిల్లీ సెకన్ల లెక్కలో. పెద్దదైన కొద్దీ ఐడ్లింగ్‌కి కావాల్సిన చిటికెడు పెట్రోల్‌ని ప్రతిసారీ ఒకేలా పోయడం కష్టమవుతుంది. అవసరానికి 20 శాతం ఎక్కువ ఉంటే చాలు, రేపెప్పుడో 600 హార్స్‌పవర్ చేస్తానేమోనని ఇవాళ అంత పెద్దవి కొనకండి.

క్యామ్‌షాఫ్టుల జోలికి అసలు వెళ్లకండి. గాలి లోపలికొచ్చే, వాయువు బయటికెళ్లే వాల్వుల్ని ఎక్కువసేపు, కొంతసేపు రెంటినీ ఒకేసారి తెరిచి ఉంచే క్యామ్‌లు పైన పవర్ ఇచ్చి కింద లాక్కుంటాయి. ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్ తగ్గిపోతుంది. బ్రేక్ బూస్టర్ ఆ వ్యాక్యూమ్ మీదే బతికే బండ్లలో, పార్కింగ్‌లో రెండోసారి తొక్కినప్పుడు పెడల్ రాయిలా ఉంటుంది. టర్బో లేకుండా ఆర్‌పీఎంతో పవర్ తీయాలనుకునేవాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి. హోండా దీన్ని 1989లో వీటెక్‌తో తప్పించుకుంది. కింది ఆర్‌పీఎంకి ఒక క్యామ్ లోబు (వాల్వుని తోసే ఉబ్బు), పైదానికి ఇంకోటి. 1.6 లీటర్ల ఇంజిన్ 160 హార్స్‌పవర్ ఇచ్చి కూడా ట్రాఫిక్‌లో బుద్ధిగా నడిచింది.

వేడి సంగతి. 30 డిగ్రీల గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కితే అది 120 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. దాన్ని చల్లబరచాల్సింది ఇంటర్‌కూలర్, అదీ గాలి తగులుతుంటేనే. ట్రాఫిక్‌లో అరగంట నిలబడ్డాక ఇంటర్‌కూలర్ ఒక ఇనప పెనంలా కాలుతూ ఉంటుంది. అప్పుడు ఖాళీ రోడ్డు దొరికిందని తొక్కితే ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, పొద్దున ఉన్న పవర్ సాయంత్రం ఉండదు. నేను పవర్‌కి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంటర్‌కూలర్‌కి పెడతాను. మరీ మందంగా ఉన్నది తెచ్చి రేడియేటర్‌కి గాలి రాకుండా అడ్డం పెట్టకూడదు, అంతే. ఆయిల్ కూలర్ వేస్తే థర్మోస్టాట్ ఉన్నదే వేయండి. లేకపోతే దగ్గర దూరాల్లో ఆయిల్ ఎప్పటికీ వేడెక్కదు. ఇంకోటి, ట్యూన్‌ని మీకు దొరికే మంచి పెట్రోల్‌కి కాకుండా, మీరు ఎప్పుడైనా పోయించాల్సి వచ్చే అధమ రకం పెట్రోల్‌కి చేయించండి. పది హార్స్‌పవర్ పోతుంది, ఇంజిన్ ఉంటుంది.

సైలెన్సర్ విషయంలో నా తప్పు మీరు చేయకండి. కొత్త సైలెన్సర్ వేయించి, గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి విని మురిసిపోయాను. హైవే మీద 2400 దగ్గర లోపల బూమ్మని ఒకటే రొద, గంటకల్లా తలనొప్పి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎంలో సెకనుకి 80 సార్లు పేలుతుంది. ఆ 80 హెర్ట్జ్ శబ్దం క్యాబిన్‌తో జత కలిసి మోగుతుంది. పైపుకి పక్కగా, చివర మూసేసిన ఇంకో గొట్టం వెల్డింగ్ చేయిస్తే ఆ ఒక్క శబ్దాన్ని అది మింగేస్తుంది. పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి, నాకు 1.25 మీటర్లు వచ్చింది. కాటలిటిక్ కన్వర్టర్‌ని తీసేయకండి. వాసన వెనక సీటు దాకా వస్తుంది, చట్టమూ ఒప్పుకోదు. తక్కువ అడ్డు ఉండే కన్వర్టర్లు దొరుకుతాయి, 350 హార్స్‌పవర్‌కి అవి సరిపోతాయి. ఇంజిన్ మౌంటులు మూడూ గట్టివి వేయించకండి, సిగ్నల్ దగ్గర అద్దాలు కూడా వణుకుతాయి. కింద ఉండే టార్క్ మౌంటు ఒక్కటి మారిస్తే చాలు.

బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. మంచి టైర్లు, మంచి ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్. ఆ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటే మరిగే ఉష్ణోగ్రత 230 డిగ్రీల నుంచి 155 దాకా దిగిపోవచ్చు, రెండేళ్లకోసారి మార్పించండి. స్ప్రింగులు గట్టివి వేసేకన్నా మంచి డ్యాంపర్లకి (షాక్ అబ్జార్బర్లు) డబ్బు పెట్టండి. ముందు చక్రాల బండికి హెలికల్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా రెంటికీ పవర్ పంచేది) వేస్తే స్టీరింగ్ గుంజుడు పూర్తిగా పోదు గానీ పవర్ రోడ్డు మీదకి దిగుతుంది. ప్లేట్ల రకం మూలమలుపుల్లో, పార్కింగ్‌లో టకటకలాడుతుంది, రోజూ నడిపే బండికి వద్దు.

చివరగా మీ క్లచ్ ప్రశ్న. ఇప్పుడే ఏదీ కొనకండి. కంపెనీ క్లచ్ ఎంత మోస్తుందో ముందు చూడండి. ట్యూన్ అయ్యాక నాలుగో గేరులో 2500 నుంచి పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ముల్లు మాత్రమే పైకి లేస్తే జారుతోందని అర్థం. అప్పుడు గట్టి ప్రెషర్ ప్లేటు, ఆర్గానిక్ డిస్కు ఉన్నది వేయించండి. సిరామిక్ క్లచ్ పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలితే వదిలినట్టు. మధ్యలో జారనివ్వడం ఉండదు కాబట్టి ప్రతి సిగ్నల్ దగ్గరా బండి ఒక కుదుపుతో కదులుతుంది. ఫ్లైవీల్ తేలికైతే ఆర్‌పీఎం చకచకా ఎక్కుతుంది, అంతే చకచకా పడి ఇంజిన్ ఆగిపోతుంది. మీ బండిలో డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) ఉంటే దాన్ని తీసేశాక ఐడ్లింగ్‌లో గేర్‌బాక్స్ లోంచి డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడొస్తుంది. పాడైపోలేదు, అది అంతే అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకోవాలి. నా సిరామిక్ క్లచ్ తీసేసి నాలుగేళ్లయింది, ఇంకా షెడ్డు మూలన పెట్టెలోనే ఉంది. కొనడానికి ఎవరైనా వస్తే రోజూ నడిపే బండికా అని అడుగుతాను. అవునంటే టీ ఇచ్చి పంపేస్తున్నాను.